పదకొండు కిలోలు

మొదట పాలపొడి డబ్బా పోయింది. సీలు కూడా తియ్యని పెద్ద డబ్బా. వంటింట్లో పై అరలో పెట్టిన సంగతి సుభద్రకి బాగా గుర్తు. మర్నాడు ఆరు కలిపి అమ్మే ఒంటి సబ్బుల కట్ట కనపడలేదు. ఆ తరవాత మంచినీళ్ళలో కలుపుకునే ఆరెంజి పొడి. గురువారం నాటికి ఊరికెళ్ళేటప్పుడు సామాను తూచుకునే కొక్కెం త్రాసు కూడా మాయమైంది.

వారమంతా ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు, అందులో ఒకరు ఎనిమిదేళ్ళ పిల్ల. దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో తొమ్మిదో అంతస్తుకి ఎక్కి సబ్బులు ఎత్తుకుపోయే దొంగ ఎవడూ పుట్టి ఉండడు. ఒంటరిగా ఉంటే ముందు మతి పోతుంది కాబోలనుకుని సుభద్ర అలమరాలన్నీ మరోసారి వెతికింది. వెతకడానికి బోలెడంత తీరిక ఉంది. పొద్దున్న ఏడింటికి స్కూలు బస్సు శ్రీజని తీసుకుపోయాక, మళ్ళీ మూడింటికి తెచ్చి దింపేవరకు ఆమెతో మాట్లాడే మనిషి లేదు. ఎదురింటి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. కరోనా వచ్చిన దగ్గర్నుంచి లిఫ్టులో మనుషులు కూడా మాస్కులు వేసుకుని ఫోన్లు చూసుకుంటారే తప్ప తలెత్తరు.

ఆ సాయంత్రం భర్త మూర్తి ఫోను చేశాడు. అతను అబుధాబి దగ్గర ముసఫ్ఫాలో ఇనప ట్యాంకులు తయారుచేసే యార్డులో ఇంజినీరు. రోజూ రానూ పోనూ కుదరక, అబుధాబి సరిహద్దులో కరోనా పరీక్షల వరసల్లో నిలబడలేక, వారమంతా కంపెనీ గదిలోనే ఉండి సెలవుకి మాత్రం ఇంటికొస్తాడు.

"పేరమ్మ పట్టుకుపోయిందేమోనండీ" అంది సుభద్ర.

"పోతే పోయిందిలే. నాలుగేళ్ళు మనింట్లో పనిచేసిన మనిషి. సబ్బులకోసం దాన్నేమీ అనకు" అన్నాడు మూర్తి. "ముందు శనివారం సంగతి చూడు. అడిగితే పాప ఏం చెబుతుందో కనుక్కున్నావా?"

నిజానికి ఆ పాలపొడి డబ్బా కొన్నది పేరమ్మ వెళ్ళిపోయిన వారానికి. ఆ సంగతి సుభద్రకి తట్టలేదు. అనుమానం ముందు పుడుతుంది, తేదీలు తరవాత గుర్తొస్తాయి.

శనివారం సంగతంటే రెండో పిల్ల సంగతి. శ్రీజని వాళ్ళు కాకినాడ శిశుగృహ నుంచి పద్నాలుగు నెలల పిల్లగా దత్తత తెచ్చుకున్నారు. ఆ మాట దాచలేదు. ఏటా ఆ తారీఖున పరమాన్నం వండి, శిశుగృహ వరండాలో దిగిన ఫొటో చూపించి, 'ఇదిగో, నువ్వు మనింటికొచ్చిన రోజు' అని చెబుతూనే పెంచారు. అప్పుడు సొంతూళ్ళో ఉన్నారు గనక పని తేలిగ్గా జరిగింది. ఇప్పుడు దుబాయ్‌లో కూచుని ఇండియా నుంచి పిల్లని తెచ్చుకోవాలంటే రెండు దేశాల ముద్రలు కావాలి. పోలీసు కాయితం, డాక్టరు కాయితం, కంపెనీ మేనేజరు సంతకం, ఎంబసీ స్టాంపు, మళ్ళీ వాటన్నిటికీ నకళ్ళు. మూడేళ్ళు పట్టింది. అంత చేశాక మిగిలింది ఒక్కటే, ఇంటి విచారణ. ఐదేళ్ళు దాటిన పిల్ల ఇంట్లో ఉంటే ఆ పిల్లని విడిగా కూచోబెట్టి అడిగి, ఒప్పుకున్నట్టు కాయితం మీద రాయించుకుంటారు. అంత లావు దస్త్రమూ వచ్చి వచ్చి చివరికి శ్రీజ నోటి దగ్గర ఆగింది.

నెలాఖరులోగా ఆ నివేదిక వెళ్ళకపోతే దరఖాస్తు మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవాలి. మొగుడూ పెళ్ళాల వయసు కలిపి తొంభై దాటితే చంటిపిల్లని ఇవ్వరు. మూర్తికి మార్చిలో పుట్టినరోజు వస్తే దాటుతుంది. ఇది ఫిబ్రవరి. కాకినాడలో ఉన్న అత్తగారు ఒకదానికే దిక్కులేదు, రెండోదెందుకని మాట్లాడటం మానేసింది. సుభద్రకి మాత్రం చంటిపిల్ల కావాలి. శ్రీజ నడిచే వయసులో వచ్చింది. బోర్లా పడటం, పాకటం, మొదటి పన్ను, ఇవేవీ సుభద్ర చూడలేదు. ఒక్కసారి చూడాలని ఆశ. ఆ ఆశ చెప్పుకోవడానికి కూడా ఆమెకి ఎవరూ లేరు.

ఉన్న ఒక్క మనిషినీ తనే పంపేసుకుంది.

పేరమ్మది మలికిపురం దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి. శ్రీజకి నాలుగేళ్ళప్పుడు మూర్తి వీసా తీసి పనికి పిలిపించాడు. కరోనా సోకి సుభద్ర పద్దెనిమిది రోజులు గదిలో తలుపేసుకుని పడుకున్నప్పుడు పిల్ల పూర్తిగా పేరమ్మదైపోయింది. అన్నం, స్నానం, పడక, కథలు, అన్నీ ఆవిడ దగ్గరే. సుభద్ర గదిలోంచి బయటికొచ్చాక కూడా పిల్ల తిరిగి రాలేదు. ఆవిడ యాసే పిల్లకీ పట్టుకుంది.

డిసెంబరులో శ్రీజకి జ్వరం వచ్చింది. రెండు రాత్రులు సుభద్ర తడిబట్ట వేస్తూ పక్కనే కూచుంది. మూడో రోజు పొద్దున్నే పిల్ల కళ్ళు తెరవకుండానే "పేరమ్మా" అని పిలిచింది. పక్కన తల్లి ఉందని తెలిసి కూడా మళ్ళీ పిలిచింది, "పేరమ్మా, నీళ్ళు" అని.

అంతే. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆ ఉక్రోషమంతా పోయి పేరమ్మ మీద పడింది. విచారణకి వచ్చేవాళ్ళ ముందు పిల్ల ఇలా పిలిస్తే మన గతేంటని సుభద్ర తనకి తనే ఒక కారణం చెప్పుకుంది. మూర్తికి ఇంకో కారణం చెప్పింది: "చంటిపిల్లని ఎత్తుకోవడానికి పేరమ్మకి నడుం వంగదండీ. పడుచు మనిషి కావాలి." అమలాపురం నుంచి రేణుక అనే ఆవిడని చంటిది వచ్చేనాటికి రమ్మని మాట్లాడుకున్నారు. ఉన్న పనిమనిషి గది ఒక్కటే. ఆ మాట మీద జనవరి చివర పేరమ్మ వీసా కాన్సిల్ అయింది. పేరమ్మకి నాలుగు రోజుల ముందు చెప్పారు.

"నానేం తప్పు సేశానమ్మగోరూ?" అంది పేరమ్మ. "ఇంకో రెండేళ్ళుంటానండి. ఎల్లనండి ఇప్పుడు."

"తప్పేం లేదు పేరమ్మా. నువ్వు మా ఇంట్లో మనిషివే. కానీ చంటిదొస్తోంది కదా" అంది సుభద్ర.

పేరమ్మ అట్టపెట్టె తెచ్చుకుని సర్దుకోవడం మొదలుపెట్టింది. శ్రీజ ఆ మూడు రోజులూ ఆ పెట్టె పక్కనే ఉంది. పాలపొడి, సబ్బులు, ఆరెంజి పొడి, తలనొప్పి మందు సీసాలు, మనవరాలికి గౌను. "ఇన్నెందుకు పేరమ్మా?" అని అడిగితే "దుబాయ్ నుంచొచ్చిన మనిసి ఉత్తసేతుల్తో ఎల్తే ఏం బాగుంటాది బుజ్జమ్మా. సబ్బుముక్కన్నా సేతిలో ఎట్టాల" అంది. పెట్టెకి తాడు కట్టి, త్రాసు కొక్కేనికి తగిలించి ఇద్దరూ కలిసి లేపారు. ముప్పై కిలోల దాకా పెట్టుకోవచ్చు. ఇరవై తొమ్మిదిన్నర వస్తే ఇద్దరూ చప్పట్లు కొట్టారు. నల్ల మార్కరుతో నాలుగు పక్కలా పేరు, ఊరు రాసింది శ్రీజే.

షార్జా ఎయిర్‌పోర్టులో పిల్ల పేరమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని వదల్లేదు. చుట్టూ జనం చూస్తున్నారు. సుభద్రకి తల పగిలిపోతోంది. పిల్ల చెయ్యి విడదీసి, "ఏడవకు. నాకు తలనొప్పి తెప్పించకు. పాతవాళ్ళు వెళ్తేనే గదా కొత్తవాళ్ళు వచ్చేది" అంది.

శ్రీజ టక్కున ఏడుపు ఆపేసింది. మాట పనిచేసిందని సుభద్ర సంతోషించింది కూడా.

ఆ రోజు నుంచి శ్రీజ బంగారు బొమ్మ అయిపోయింది. పెట్టింది తింటుంది. బట్టలు మడత పెట్టుకుంటుంది. టీవీ అడగదు. పేరమ్మ పేరెత్తదు. ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే ఫ్రిజ్ ఆగి మళ్ళీ మొదలైనా వినపడేది. పిల్లకి పెద్దరికం వచ్చిందని మూర్తికి చెప్పి సుభద్ర మురిసింది. కానీ సాయంత్రాలు కిటికీ దగ్గర చెరో కుర్చీలో కూచుని కింద కార్లు చూస్తున్నప్పుడు, ఈ పిల్ల నాకు చుట్టంలా ఉందేమిటని ఒకటి రెండుసార్లు అనిపించింది. అనిపించినప్పుడల్లా లేచి వెళ్ళి ఏదో ఒక డబ్బా వెతుక్కునేది.

శనివారం పదకొండింటికి విచారణాధికారిణి వచ్చింది. పేరు మహబూబున్నీసా. హైదరాబాదావిడ, దుబాయ్‌లో పిల్లల మానసిక నిపుణురాలు, ఇలాంటి విచారణలు చేసిపెడుతుంది. టీ తాగుతూ ఇల్లంతా చూసింది. వంటింటి పక్కన ఖాళీ గది దగ్గర ఆగింది.

"ఇక్కడ హెల్పర్ ఉండేదా?"

"ఉండేదండీ. పెద్దావిడ. ఊళ్ళో పనుండి వెళ్ళిపోయింది. మేమేం పంపలేదు" అంది సుభద్ర. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే అదే. ఆవిడ పంపారా అని అడగనేలేదు.

తరవాత శ్రీజతో ఆమె గదిలో తలుపేసుకుని మాట్లాడింది. ఇరవై నిమిషాలు. బయట సోఫాలో మూర్తి గోళ్ళు కొరుకుతూ కూచున్నాడు. కాదంటే మూడేళ్ళ పనీ ఖలాస్ అని ఇద్దరికీ తెలుసు.

తలుపు తెరుచుకుంది. మహబూబున్నీసా నవ్వుతూ వచ్చింది. "ఫికర్ చేయకండి. బచ్చీ చాలా సమఝ్‌దార్ ఉంది, అన్నీ అర్థం చేసుకుంటది. చెల్లి రావాలె అన్నది. ఒక్క కన్నీటి చుక్క లేదు, అలగలేదు. తన చేత్తోనే రాసింది." కాయితం చూపించింది. గుండ్రటి అక్షరాలతో తెలుగులోనే ఉంది: 'చెల్లి రావడం నాకు ఇష్టమే. శ్రీజ.'

ఆవిడ లిఫ్టు దాకా వెళ్ళేలోపే మూర్తి మాస్కు తగిలించుకుని స్వీట్లు తెస్తానని పరిగెత్తాడు. సుభద్ర గుమ్మంలోనే నిలబడి కళ్ళు తుడుచుకుంది. పిల్లని దగ్గరికి తీసుకోవాలనిపించి గదిలోకి వెళ్ళింది.

శ్రీజ మంచం మీద నిలబడి ఉంది. రెండు చేతులతో కొక్కెం త్రాసు పట్టుకుంది. దానికి తాడుతో కట్టిన అట్టపెట్టె, మైక్రోవేవ్ కొన్నప్పుడు వచ్చింది, నేల మీంచి జానెడు లేచి ఊగుతోంది. పిల్ల మొహం కందగడ్డలా అయిపోయింది.

"అమ్మా, కాస్త పట్టుకోవా? చెయ్యి నొప్పెడుతోంది. పదకొండే వచ్చింది. ముప్పై దాకా పెట్టుకోవచ్చుగా?"

సుభద్ర పెట్టె అందుకుని కింద పెట్టింది. నాలుగు పక్కలా నల్ల మార్కరుతో ఒకే రాత: 'శ్రీజ, శిశుగృహ, కాకినాడ, వయా హైదరాబాద్.'

మూత ఇంకా అతికించలేదు. లోపల పాలపొడి డబ్బా, సబ్బుల కట్ట, ఆరెంజి పొడి. మడత పెట్టిన గౌన్లు రెండు. మిగతా అంతా చాక్లెట్లు, బిస్కట్లు. స్కూలు డబ్బాలో పెట్టి పంపినవి తినకుండా దాచినవి.

"ఏంటే ఇది?" అంది సుభద్ర.

"అక్కడ పిల్లలెంతమందో తెలీదుగా. అందుకని చాక్లెట్లు ఎక్కువ పెట్టాను. ఉత్తచేతుల్తో ఎల్తే బాగోదు." శ్రీజ మంచం దిగి, చేతులు దులుపుకుంది. "నాన్న నాది ఎప్పుడు కాన్సిల్ చేయిస్తాడు? పేరమ్మకి నాలుగు రోజుల ముందే చెప్పారు. నాకు ఇంకొంచెం ముందు చెప్పండి. టీచర్‌కి బుక్స్ ఇచ్చెయ్యాలి."

"నిన్నెందుకు పంపుతామే తల్లీ?"

"పాతవాళ్ళు వెళ్తేనే గదా కొత్తవాళ్ళు వచ్చేది. నువ్వే అన్నావు."

సుభద్ర నేల మీద కూలబడింది. "అది పనివాళ్ళ సంగతి. కూతుళ్ళని ఎవరైనా కాన్సిల్ చేస్తారా?"

"పేరమ్మ వీసా మీద స్పాన్సర్ అని ఉన్నచోట నాన్న పేరుంది. నా పాస్‌పోర్టులోనూ వీసా మీద అక్కడ నాన్న పేరే ఉంది. సొరుగులో చూశాను."

"అది వేరే. నువ్వు మా ఇంట్లో పిల్లవి."

"పేరమ్మని కూడా మా ఇంట్లో మనిషివే అన్నావు" అంది శ్రీజ. నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట గుర్తుచేసింది.

ఆ మాట అన్నది సుభద్రే. అంటూనే టిక్కెట్టు చేతిలో పెట్టింది.

"మరి ఆ ఆంటీతో చెల్లి రావాలని ఎందుకు చెప్పావు? వద్దని చెప్పాల్సింది కదా?"

"వద్దంటే మాత్రం? పేరమ్మ కూడా ఎల్లనంది. అయినా పంపేశారుగా. ఏడిస్తే నీకు తలనొప్పొస్తుంది."

సుభద్ర ఏడ్చింది. పిల్ల ముందు ఏడవకూడదని తెలిసే ఏడ్చింది. శ్రీజ వంటింట్లోకెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది. ఆ మంచితనం చూస్తే ఇంకా భయమేసింది. ఎనిమిదేళ్ళ పిల్ల పని పోకుండా చూసుకుంటున్న పనిమనిషిలా నిలబడి ఉంది. మూడు వారాలుగా ఇదే ఇంట్లో, ఇదే గోడల మధ్య, తన కంటే ఒంటరిగా ఒక మనిషి సామాను సర్దుకుంటోంది. తను మాత్రం సబ్బుల దొంగ కోసం వెతికింది.

"ఇలా కూచో" అంది చివరికి. "నీకొక అబద్ధం చెప్పాను. పేరమ్మని చంటిదాని కోసం పంపలేదు. నీకు జ్వరమొచ్చినప్పుడు పేరమ్మని పిలిచావు. నేను పక్కనే ఉన్నా నన్ను పిలవలేదు. నాకు కుళ్ళు పుట్టింది. అందుకని పంపేశాను. తప్పు దానిదీ కాదు, నీదీ కాదు. నాది."

శ్రీజ పెట్టె పక్కన కూచుంది.

"నాకు మళ్ళీ జ్వరమొస్తే?"

"ఎవరు కావాలంటే వాళ్ళని పిలువు."

"పిలిస్తే, అప్పుడు ఎవర్ని పంపేస్తావు?"

"ఎవర్నీ పంపను" అంది సుభద్ర. ఎంత గట్టిగా అందో అంత బలహీనంగా వినపడింది ఆమెకే. మాటలతో అయ్యే పని కాదు. లేచి ఫోను తీసి, శ్రీజ ముందే మహబూబున్నీసాకి చేసింది. ఆవిడ ఇంకా కారులోనే ఉంది. జరిగినదంతా చెప్పింది. ఖాళీ గది గురించి చెప్పిన అబద్ధం కూడా.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదమ్మా" అంది ఆవిడ. "సంతకం ఉంది. ఈ రాత్రికి రిపోర్ట్ పంపేదాన్ని."

"పంపకండి."

"నెలాఖరు దాటితే మీ ఇద్దరి వయసు..."

"తెలుసండీ. పంపకండి."

"సరే. ఆ కాయితం చింపేస్తా. వచ్చే వారం వస్తా, ఊరికెనే, బచ్చీతో కూచుంట" అని పెట్టేసింది.

మూర్తి అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో స్వీట్ల పెట్టె ఉంది. ఫోన్లో మాట విన్నాడు. నేల మీద అట్టపెట్టె చూశాడు, దాని మీద రాత చదివాడు. స్వీట్ల పెట్టె మంచం మీద పెట్టి, ఆ అట్టపెట్టె పక్కన చతికిలబడి, శ్రీజ తల మీద చెయ్యి వేశాడు.

"మనకింక చంటిపిల్ల రాదు సుభద్రా" అన్నాడు. తిట్టినట్టు లేదు. తిట్టినా బాగుండేదనుకుంది సుభద్ర.

సాయంత్రం అసర్ నమాజుకి అజాన్ అవుతుండగా పేరమ్మకి వీడియో ఫోను చేశారు. అటు వైపు కొబ్బరాకులు, ఎండ, ఆవిడ నెరిసిన జుట్టు. "బుజ్జమ్మా! సిక్కిపోయేవేంటే?" అన్న కేక గదంతా నిండింది. శ్రీజ ఒక్కసారిగా బావురుమంది. మూడు వారాల ఏడుపు అది. ఏడుస్తూనే పెట్టె తెరిచి లోపలున్నవన్నీ ఒక్కొక్కటే ఫోనుకి చూపించింది. పదకొండు కిలోలని చెప్పింది. పేరమ్మ కళ్ళొత్తుకుంటూ "ఓరి నా తల్లే" అంది.

సుభద్ర ఫోనుకి కనపడకుండా పక్కకి జరిగి కూచుంది. క్షమించమని అడగాలి. రేపో ఎల్లుండో అడుగుతుంది. ఇవాళ ఆ పిల్ల వంతు.

మాటలయ్యాక శ్రీజ పాలపొడి డబ్బా తీసుకెళ్ళి వంటింట్లో కుర్చీ ఎక్కి మళ్ళీ పై అరలో పెట్టింది. సబ్బులు స్నానాల గదిలో పెట్టింది. గౌన్లు అలమరాలో సర్దింది. చాక్లెట్లలో ఒకటి తల్లికిచ్చి, ఒకటి తండ్రికిచ్చి, ఒకటి తను తింది. ఖాళీ అయిన అట్టపెట్టెని కింద చెత్తలో పడేసి వస్తానని మూర్తి లేచాడు.

"వద్దు నాన్నా" అంది శ్రీజ.

పెట్టె అడుగు విప్పి, చదునుగా మడిచి, రాసిన పక్క పైకి వచ్చేలా తన మంచం కిందికి తోసింది. సుభద్ర చూసింది. ఎందుకో ఆమెకి తెలుసు.